కల్దారు రూపాయి, కొత్త దేశం: షోలాపూరు పద్మశాలీల తొలి చిక్కులు

రాష్ట్రేతర తెలుగువారి చరిత్ర రాసేటప్పుడు సాధారణంగా మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఎప్పుడు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, అక్కడ ఏం సాధించారు అన్నవే ఆ ప్రశ్నలు. కరవులు, మిల్లులు, సమ్మెలు, కుల సంఘాలు, ఎన్నికల విజయాలు ఈ చట్రంలో చక్కగా ఇముడుతాయి. వెళ్ళినవాడు మొదటి నెలలో చిల్లర ఎలా లెక్కపెట్టుకున్నాడు, ఇంటికి ఉత్తరం ఎలా వేశాడు, హాజరు పుస్తకంలో పేరు ఏమని రాయించుకున్నాడు అన్నవి ఇందులో ఇమడవు. చిన్న విషయాలని వాటిని వదిలివేస్తాం. షోలాపూరు పద్మశాలీల విషయంలో ఈ చిన్న చిక్కులను వదిలివేస్తే ఆ సమాజం నేటి రూపానికి ఎలా వచ్చిందో బోధపడదు. ఈ వ్యాసంలో వాటినే పరిశీలిద్దాం.

పొరుగూరు కాదు, పరదేశం

నేటి పటంలో షోలాపూరు తెలంగాణకు దగ్గరి ఊరు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతగాళ్ళు వలస పోయిన కాలంలో అది వేరే ప్రభుత్వం కింది ఊరు. షోలాపూరు 1818లో ఆంగ్లేయుల చేతిలోకి వచ్చి, బొంబాయి రాజధానిలో భాగమైంది. అక్కడినుంచి తూర్పు బాట పట్టి నలదుర్గం చేరితే నైజాం రాజ్యం. ఒకే దక్కను పీఠభూమి, ఒకే నల్లరేగడి, ఒకే జొన్నచేను. అయినా సరిహద్దు దాటితే నాణెం మారేది, తపాలా మారేది, కచేరీ భాష మారేది, కాగితం మీది తేదీ కూడా మారేది. సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు నైజాం ప్రభుత్వానికి ఉండేవి.

షోలాపూరుకు రైలు 1860లో వచ్చింది. వాడి నుంచి సికిందరాబాదుకు 1874లో రైలుమార్గం పడింది. ఆ వెంటనే 1876-78 నాటి మహాకరవు దక్కనును పీడించింది. షోలాపూరులో మొదటి పెద్ద బట్టల మిల్లు 1877లో నడక మొదలుపెట్టింది. దారి, ఆకలి, పని మూడూ దాదాపు ఒకే దశాబ్దంలో కలిసివచ్చాయి. అంతకు ముందు కాలినడకన, బండ్ల మీద కొద్దికొద్దిగా సాగిన వలస ఆ తరువాత ఏటికేడు పెరిగింది.

ఆరుకు ఏడు

కొత్తగా వచ్చినవాడికి మొదట ఎదురయ్యే చిక్కు రూపాయి. నైజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. షోలాపూరులో చెల్లేది ఆంగ్ల ప్రభుత్వపు రూపాయి. యంత్రంమీద ముద్రించినది కనుక దానిని కల్దారు అనేవారు. రెంటి మారకం మొదట్లో హెచ్చుతగ్గులకు లోనయ్యేది. తరువాతి కాలంలో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలుగా స్థిరపడింది. అంటే ఒక కల్దారుకు హాలీలో ఒక రూపాయి, రెండణాల ఎనిమిది పైలు.

ఈ లెక్క పెద్ద మొత్తాల్లో సులువే. కష్టమంతా చిల్లరలో ఉంది. ఊళ్ళో అప్పు హాలీలో ఉంటుంది, ఇక్కడ కూలి కల్దారులో వస్తుంది. ఏ రోజు ఎవరు ఏ ధరకు మార్చారన్న దానిమీద అణా అటో ఇటో పోతుంది. చదువురానివాడికి మారకం చేసేవాడి మాటే లెక్క. అయితే ఇదే తేడా మరోవైపు ఆకర్షణ కూడా అయింది. ఇక్కడ మిగిలిన ఆరు రూపాయలు ఊరికి చేరేసరికి ఏడవుతాయి. వలసకు గల కారణాల్లో కూలి రేట్లతోపాటు ఈ ఏడో రూపాయిని కూడా చేర్చుకోవాలి.

తేదీల సంగతీ అంతే. నైజాం కచేరీలలో ఫసలీ సంవత్సరం నడిచేది. ఆజూరు, దై, బహమన్ అంటూ సాగే నెలలు. అక్టోబరు మొదటి వారంలో కొత్త ఏడు మొదలయ్యేది. క్రీ.శ. 1930 అక్టోబరులో ఫసలీ 1340 మొదలయింది. ఊళ్ళో శిస్తు గడువు, దావా వాయిదా ఆ లెక్కలో ఉంటే, మిల్లులో జీతం ఇంగ్లీషు నెలల లెక్కలో ఉండేది. పండుగల లెక్క మాత్రం మారలేదు. తెలుగువారి ఉగాది రోజే మరాఠీవారి గుడి పాడ్వా. శ్రావణ పున్నమి ఇద్దరికీ ఒకటే. కచేరీ కాలం వేరైనా పంచాంగ కాలం ఒకటి కావడం ఆ వలస జనానికి పెద్ద ఊరట.

ఉత్తరం ఇంకో చిక్కు. నైజాం తపాలా బిళ్ళ ఆ రాజ్యం లోపలే చెల్లేది. పొరుగు జిల్లాలో ఉన్నట్టే ఉన్న కొడుక్కి కార్డు రాయాలన్నా పై ప్రభుత్వపు బిళ్ళ కావాలి. అందువల్ల ఊరికి వెళ్ళివచ్చే మనిషే తపాలా అయ్యాడు. డబ్బు, కబురు, పెళ్ళి సంబంధం అన్నీ అతని వెంటే నడిచేవి. ఒక ఊరివాళ్ళు ఒకే పేటలో గుమిగూడి ఉండడానికి కులాభిమానం ఒక్కటే కారణం అనుకోనక్కరలేదు. కబురు అందాలంటే దగ్గర దగ్గరగా ఉండాలి.

పేరు చివరికి పోయిన ఇంటిపేరు

తెలంగాణ నుంచి వచ్చిన నేతగాడికి తెలుగుతోపాటు నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చేవి. నైజాం కచేరీ భాష ఉర్దూ కనుక అది తప్పనిసరి. షోలాపూరు బజారులో ఆ ఉర్దూ కొంత అక్కరకు వచ్చింది, కొంత తికమక పెట్టింది. ఉర్దూలో మీఠా అంటే తీపి. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. కొట్టు ముందు నిలబడ్డ కొత్త కోడలికి ఈ ఒక్క మాటతోనే ఎంత చిక్కో ఊహించవచ్చు. దుకాణదారు పద్దు పుస్తకం మరీ దుర్భేద్యం. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం దాకా మరాఠీ లెక్కాపత్రాలు మోడీ లిపిలో ఉండేవి. బడిలో నాగరి నేర్చిన పిల్లవాడు కూడా తండ్రి బాకీ ఎంతో అందులో చదవలేడు.

పేరు విషయంలో వచ్చిన మార్పు మాత్రం శాశ్వతంగా నిలిచిపోయింది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. బొంబాయి రాజధాని పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మిల్లు హాజరులో, బడి రిజిస్టరులో ఆ వరుసే రాశారు. అంతేగాక తెలుగు ఇంటిపేర్ల చివరి అచ్చు మరాఠీ ఉచ్చారణలో రాలిపోయింది. గాజులవారు గాజుల్ అయ్యారు, యేములవారు యెముల్ అయ్యారు. షోలాపూరు నుంచి 1980, 1984లలో లోక్‌సభకు ఎన్నికైన సభ్యుని పేరు గంగాధర్ సిద్రామప్ప కుచన్. 1989, 1991లలో ఎన్నికైనవారు ధర్మన్న మొండయ్య సాదుల్. మొండయ్య అన్న తండ్రి పేరు తెలంగాణది, పేర్ల వరుస మహారాష్ట్రది. వలస చరిత్ర అంతా ఆ మూడు మాటల్లో ఉన్నది. పిలుపు పేరు నిలిచింది, దానిని రాసే తీరు మారింది.

గుంట మగ్గం, భోంగా, బీడీ

గుంట మగ్గానికి ఇంటి నేలలో గుంట తవ్వాలి. సొంత ఊళ్ళో అది ఎవరినీ అడగవలసిన పని కాదు. అద్దె గదిలో యజమాని ఒప్పుకోవాలి. పడుగు సాగదీసి గంజి పట్టించడానికి వీధి పొడవునా చోటు కావాలి. బండ్లు తిరిగే పట్నపు వీధిలో ఆ చోటు తెల్లవారుజామున తప్ప దొరకదు. ఇలా ఇరుకున పడ్డ నేతగాడు సావుకారు కార్ఖానాలో మగ్గం పట్టడానికో, మిల్లుకు పోవడానికో సిద్ధపడ్డాడు. సొంత మగ్గం పోవడానికి పెట్టుబడి లేమి ఎంత కారణమో, చోటు లేమి కూడా అంత కారణం.

మిల్లులో కొత్త యజమాని భోంగా. ఆ కూత వినబడితే పరుగెత్తాలి. పొద్దును చూసి పని మొదలుపెట్టి, పండుగనాడు నాడె పక్కనబెట్టే అలవాటున్న మనిషికి ఇది చిన్న మార్పు కాదు. పగార్, సుట్టీ అన్న మాటలు షోలాపూరు తెలుగులోకి ఊరికే రాలేదు. ఊళ్ళో ఆ రెండు వస్తువులూ ఆ రూపంలో లేవు.

ఆడవారికి మిగిలిన పని బీడీ. ఇంట్లో కూర్చుని చుట్టిన బీడీలలో బాగాలేవని కొన్నిటిని పక్కన పడేయడం, తక్కువ ఆకు ఇచ్చి పూర్తి లెక్క అడగడం రోజూ జరిగే రగడ. పైనుంచి చూసేవారికి ఇది గుప్పెడు బీడీల తగవు. చుట్టినామెకు అది ఆనాటి కూరగాయల ఖర్చు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టం ముడిసరుకు పంపకం, బీడీల తిరస్కరణల మీది తగవులను పరిష్కరించే విధానాన్ని ఏర్పరచింది. ఇల్లిల్లూ పడ్డ విసుగు దేశ శాసనంలో ఒక సెక్షనుగా చోటుచేసుకోవడం గమనార్హం. ఆడం నర్సయ్య నాయకత్వంలోని కార్మికోద్యమ ఫలితంగా కుంభారి వద్ద గోదుతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇళ్ళు 2006లో దక్కాయి. అద్దె గదిలో మొదలైన కథ అక్కడ ఒక మలుపు తిరిగింది.

పోయిన సరిహద్దు, వచ్చిన సరిహద్దు

ఈ చిక్కులకు ఆ సమాజం ఎవరినో వేడుకోలేదు, తానే ఏర్పాట్లు చేసుకున్నది. పద్మశాలి శిక్షణ్ సంస్థ బడులు నడిపింది. మార్కండేయ దేవాలయం, శ్రావణ పున్నమినాటి రథోత్సవం నగరమంతటికీ పరిచయమైన ఉత్సవమయ్యాయి. మార్కండేయుని పేర సహకార వైద్యశాల వెలసింది. దసరా ముందు బతుకమ్మ ఆడుతూనే ఉన్నారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950లలో హాలీ సిక్కా కనుమరుగయింది. తపాలా ఒకటైంది, తేదీ ఒకటైంది. పాత చిక్కులన్నీ పదేళ్ళలో తీరిపోయాయి. సరిగ్గా అప్పుడే మరో గీత పడింది. 1956 రాష్ట్రాల పునర్విభజనతో, 1960లో మహారాష్ట్ర అవతరణతో షోలాపూరు తెలుగువారు ఒక భాషారాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం వసతి చూపింది. అయినా పై చదువుకు, ఉద్యోగానికి మరాఠీ, ఇంగ్లీషు కావలసినచోట తెలుగు బడి ముందుకు తీసుకుపోదని తల్లిదండ్రులు లెక్కవేశారు. ఆరుకు ఏడు లెక్క వేసినవారి మనుమలే వారు. ఆ లెక్క తప్పని అనలేం.

దాని ఫలితం నేడు కనబడుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని కుటుంబాలు షోలాపూరులో ఎన్నో. అటకమీది పాత ఉత్తరాలు, పెళ్ళి లగ్నపత్రికలు, అప్పు చీటీలు వారి చేతుల్లోనే మూగవోతున్నాయి. నాణెం మారితే మార్చి ఇచ్చేవాడు దొరుకుతాడు. లిపి పోతే, ఆ కాగితాలు రాసిన తాతకూ వాటిని పట్టుకున్న మనుమడికీ మధ్య మళ్ళీ ఒక సరిహద్దు నిలుస్తుంది. మిల్లుల లెక్కలు, సమ్మెల తేదీలు ప్రభుత్వ దస్తావేజుల్లో భద్రంగానే ఉంటాయి. ఈ కాగితాలను, వాటిని వివరించగల వృద్ధుల మాటలను సేకరించి ప్రతులు తీయించే పని తెలుగు పీఠాలది. అది వాయిదా వేయదగ్గది కాదు.