బోరు నీటిలో ఫ్లోరైడ్: ప్రతిదీప్తి సెన్సర్లకు గీటురాయి ఏది?

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్లగొండ పేరే ఈ జబ్బుకు గుర్తుగా మారింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు ఒప్పుకోవచ్చని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతోంది. ఒకే ఊళ్లో ఒక బోరుకూ మరో బోరుకూ ఈ మోతాదు మారుతుంది గనుక, బోరు దగ్గరే కొలిచే చేతి పరికరం అవసరం. ఫ్లోరైడ్ తగిలితే వెలిగే, లేదా వెలుగు తగ్గే ప్రతిదీప్త (ఫ్లోరసెంట్) అణువులపై పరిశోధన విస్తారంగా సాగుతోంది. కాని ఈ పరిశోధన తన విజయాన్ని కొలుచుకునే తీరు మారాలి.

చాలా పత్రాలు ఎంత స్వల్ప మోతాదును పసిగట్టగలమన్నదే ఘనతగా చూపుతాయి. లీటరుకు 1 మిల్లీగ్రామంటే సుమారు 53 మైక్రోమోల్‌లు, 1.5 అంటే 79. ఈ రెండింటి తేడాను తప్పకుండా పట్టడమే ఇక్కడ కావలసింది. నానోమోల్ స్థాయి సున్నితత్వంతో ఊరికి ఒరిగేదేమీ లేదు. పైగా అనేక ప్రయోగాలు జరిగింది డీఎంఎస్ఓ, అసిటోనైట్రైల్ వంటి ద్రావణుల్లో. అక్కడ ఫ్లోరైడ్ అయాను చురుకుగా ఉంటుంది. నీటిలోనైతే నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుముట్టి ఆ చురుకును తగ్గిస్తాయి. సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని ఫ్లోరైడ్ తెంచితే వెలిగే రంగులు నీటిలో నెమ్మదిగా స్పందించేది ఇందుకే. ఆ వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. పది నిమిషాల తర్వాత చూసిన వెలుగు మే నెలలో ఒకటి, డిసెంబరులో మరొకటి.

అంతకంటే పెద్ద చిక్కు అల్యూమినియం. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగిస్తారు. శుద్ధి సరిగా జరగకపోతే నీటిలో మిగిలిన అల్యూమినియం కొంత ఫ్లోరైడ్‌ను తనతో బంధించి ఉంచుతుంది. సెన్సర్ స్వేచ్ఛగా ఉన్న అయాన్లనే చూస్తే, లెక్క అసలు కంటే తక్కువ వస్తుంది. ఎక్కువ చూపే పొరపాటుకు మరోసారి పరీక్షిస్తే సరిపోతుంది. తక్కువ చూపే పొరపాటు పిల్లల పళ్లకూ ఎముకలకూ చేటు తెస్తుంది. ప్రయోగశాలలో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు ఈ బంధాన్ని విడదీసే బఫర్ ముందే కలుపుతారు. బోరు దగ్గర వాడే సెన్సర్ కిట్‌లోనూ ఆ బఫర్ కొలతగా నింపిన గొట్టం ఉండి తీరాలి.

ఎలక్ట్రోడ్ ఉండగా ఇదెందుకని అడగవచ్చు. తుది తీర్పు ఎలక్ట్రోడ్‌దే. ఏ బోరు నీటిని ప్రయోగశాలకు పంపాలో తేల్చడం సెన్సర్ పని. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథతో నది నీరు ఇళ్లకు వస్తోంది కదా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. కాని సరఫరా ఆగిన రోజు చేయి పోయేది బోరు వైపే. సెన్సర్ వెలుగును కొలవడానికి ఫోన్ కెమెరాను నమ్మలేమన్న అభ్యంతరానికి చీకటి పెట్టె, పక్కనే తెలిసిన మోతాదు నమూనా, రెండు రంగుల నిష్పత్తి చాలావరకు సమాధానమిస్తాయి. కాబట్టి పరిశోధకులకు నా విన్నపం ఒక్కటే: నిజమైన బోరు నీళ్లను ఎలక్ట్రోడ్‌తో పోల్చి, తాగరాని నమూనాల్లో ఎన్నిటిని మీ సెన్సర్ మంచివని చెప్పిందో ఆ సంఖ్యను పత్రం సారాంశంలోనే ప్రకటించండి.