వెట్టియు, నిర్బంధ సైనిక సేవయు

నిర్బంధ సైనిక సేవను లిథువేనియా 2015లోను, స్వీడన్ 2017లోను పునరుద్ధరించినవి. మన దేశమున స్వాతంత్ర్యానంతరము అట్టి విధానము లేదు. సైన్యమున చేరుట స్వచ్ఛందము. అయినను ఈ ప్రశ్నకు చిట్యాల మున్నగు ఊళ్లు గల నల్లగొండ సీమ చరిత్రయందొక గీటురాయి కలదు.

నిజాం రాజ్యమున వెట్టి యనగా కూలి లేని నిర్బంధ సేవ. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ మున్నగు కులములవారు దొరలకును, ఊరికి వచ్చిన ఉద్యోగులకును ఊరక పనిచేయవలసి యుండెను. ఆ భారము పుట్టుకను బట్టి పడినది. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ జరిగిన పిమ్మట వెట్టిపై ప్రతిఘటన తీవ్రమయ్యెను. వెట్టిని ధిక్కరించినవారిలో పలువురు 1946-51 నాటి సాయుధ పోరాటమున దళములలో చేరి ప్రాణములకు తెగించిరి. కావున వారు నిరాకరించినది త్యాగమును కాదు, అసమాన నిర్బంధమును.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. ప్రజాప్రయోజనార్థము నిర్బంధ సేవను విధించుటకు మాత్రము రాజ్యమునకు అవకాశమిచ్చుచు, అందు కేవలము మత, జాతి, కుల, వర్గములను బట్టి వివక్ష చూపరాదని శాసించినది. నిర్బంధ సైనిక సేవ ఎన్నడైన వచ్చినచో దొర కుమారునకును, కూలివాని కుమారునకును ఒకే తీరున వర్తింపవలెను. అట్లు వర్తింపనిచో అది పేరు మార్చుకొన్న వెట్టియే యగును.