ఎవరి మస్టర్‌లో మన పేరు? – సింగరేణి చరిత్రలో ఒక్క మాట



సింగరేణి మీద రాయమని కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు విద్యార్థులు చాలా రోజులుగా అడుగుతున్నారు. సింగరేణి కార్మిక చరిత్ర అనగానే మనకు సమ్మెలు, ఎర్రజెండాలు, అమరులు గుర్తొస్తారు. అవన్నీ గౌరవించాల్సినవే. ఈ వారం మాత్రం ఒక్క మాట పట్టుకుని ఆ చరిత్ర చెప్తాను. నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి నా చూపు ముందు మాటల మీదికే పోతుంది. ఆ మాట 'మస్టర్'.

బాయి మీద మస్టర్ అంటే హాజరు. "ఈ నెల ఎన్ని మస్టర్లు పడ్డయి?" అంటే ఎన్ని రోజులు పని చేశావని. 1952 గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 హాజర్లు ఉన్నవాడికే జీతంతో కూడిన వార్షిక సెలవు దొరికేది. 'బదిలీ' అనే మాట చూడండి. మన కాలేజీల్లో బదిలీ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడం. బాయి మీద బదిలీ ఫిల్లర్ అంటే ఇంకొకరు రాకపోతేనే పని దొరికే మనిషి. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు ఎత్తే పని ఇద్దరిదీ ఒకటే. మస్టర్ పుస్తకంలో పేరున్న చోటు మాత్రం వేరు.

యాజమాన్యానికీ కార్మికుడికీ మధ్య సంబంధాల గురించి పుస్తకాలు చర్చలు, ఒప్పందాలు, క్రమశిక్షణ అని చెప్తాయి. నేను చెప్పేది ఇంకా కిందిది. ఎవరి పేరు ఎవరి మస్టర్‌లో ఉందో తేలాకే చర్చకు ఎవరు కూర్చోవాలో తేలుతుంది. పేరు లేనివాడి గోడు ఆ బల్ల దాకా రాదు.

మొదటి నుంచి చూద్దాం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరు గనులకు పడింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. ఇప్పుడు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. ఈ చరిత్ర కంపెనీ ప్రతి ఏటా డిసెంబర్ 23న చెప్తుంది. అది కోయల అడవి అన్న సంగతి మాత్రం ఊళ్ల పేర్లలోనే మిగిలింది. ఇల్లందు ఏరియాలో ఒక ఓపెన్‌కాస్ట్ పేరే కోయగూడెం.

ఇక కార్మిక సంఘాన్ని యాజమాన్యం గుర్తించడం అనే విషయానికి వద్దాం. దీని వెనుక బాబాసాహెబ్ ఉన్నారని మన సంఘాల క్లాసుల్లో ఎవరూ చెప్పరు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. 1943 నవంబర్‌లో, యాజమాన్యం సంఘాన్ని తప్పనిసరిగా గుర్తించాలనే సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. ఆ డిసెంబర్‌లోనే ధన్‌బాద్ బొగ్గు గనిలోకి దిగి చూశారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు కాబట్టి అవేవీ అప్పుడు మన బాయిలకు నేరుగా వర్తించలేదు. సంఘాల గుర్తింపును తప్పనిసరి చేసే సవరణ చట్టం చివరికి 1947లో పాసైంది. పాసైన ఆ చట్టాన్ని అమల్లోకి మాత్రం తేలేదు.

హక్కుగా రావాల్సిన గుర్తింపు మర్యాదగా మారింది. 1958లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశం 'క్రమశిక్షణ నియమావళి'ని ఆమోదించింది. అది చట్టం కాదు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మాట. నలభై ఏళ్ల తర్వాత సింగరేణిలో ఎన్నికలకు ఆధారం అదే.

ఆ మధ్య కాలంలో ఏం జరిగింది? వేతనాల చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉండేది. పది మంది లేదా అంతకు మించి, నోటీసు లేకుండా కలిసి పని మానితే ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చు. 1981లో దీని మీద సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మెలోంచే సింగరేణి కార్మిక సమాఖ్య వచ్చింది. తర్వాత ఏళ్లలో గనికొక సమ్మె, సంఘానికొక పిలుపు. 1990ల్లో నష్టాలతో కంపెనీ రెండుసార్లు బీఐఎఫ్‌ఆర్ గుమ్మం ఎక్కింది. ఎవరితో మాట్లాడితే బాయి నడుస్తుందో తేల్చుకోవాల్సి వచ్చింది. అట్లా 1998 సెప్టెంబర్‌లో రహస్య బ్యాలెట్‌తో మొదటి గుర్తింపు ఎన్నిక జరిగింది. మొత్తం కంపెనీలో ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘం గుర్తింపు సంఘం, ఏరియాలో గెలిచినది ప్రాతినిధ్య సంఘం. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికలో 11 ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ ఆరు గెలిచింది, ఏఐటీయూసీ ఐదే గెలిచింది. మొత్తం ఓట్లలో ముందున్నది ఏఐటీయూసీ కాబట్టి గుర్తింపు దానికి దక్కింది.

ఇది మంచి ఏర్పాటే. కార్మికుడు రహస్యంగా ఓటేసి తన ప్రతినిధిని ఎన్నుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఓటర్ల జాబితా ఒకసారి తెరిచి చూడండి. 2023లో ఓటర్లు సుమారు 40 వేలు. 1990ల మొదట్లో ఇదే కంపెనీలో లక్షకు పైగా కార్మికులు. బొగ్గు తగ్గిందా? లేదు, పెరిగింది. భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్టులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు కాంట్రాక్టర్లు వచ్చారు. పైమట్టి తీసేది, బండ్లు నడిపేది, ఊడ్చేది, ఆసుపత్రి కడిగేది, కాలనీ మురుగు తీసేది దాదాపు 25 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులు. వాళ్ల పేర్లు కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉంటాయి. కంపెనీ ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు.

చట్టం దీన్ని ఎప్పుడూ చూడలేదా? చూసింది. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద 1975 ఫిబ్రవరి 1న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బొగ్గు గనుల్లో బొగ్గు తీయడం, ఎత్తడం, దించడం, పైమట్టి తొలగించడం వంటి పనుల్లో కాంట్రాక్ట్ కార్మికులను నిషేధించింది. తర్వాత సవరణలు, మినహాయింపులు వచ్చాయి. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ పద్ధతి రద్దయినంత మాత్రాన ఆ కార్మికులు దానంతటదే పర్మినెంట్ కారని తేల్చింది. తలుపు అక్కడ పడింది.

2022 సెప్టెంబర్‌లో ఈ పేరు లేనివాళ్లే 18 రోజులు సమ్మె చేశారు. 2024లో ప్రభుత్వం లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్ట్ కార్మికుడికి 5 వేలు. చరిత్రలో మొదటిసారి ఇచ్చామని చెప్పారు, నిజమే. 38 రెట్ల తేడా కూడా నిజమే. దుమ్ము ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

ఇక్కడ కులం ఎక్కడుందని కొందరు కామ్రేడ్లు అడుగుతారు. 1938లో మన్మాడ్‌లో రైల్వేలో పనిచేసే అణగారిన కులాల కార్మికుల సభలో బాబాసాహెబ్ బ్రాహ్మణిజాన్నీ పెట్టుబడిదారీ విధానాన్నీ కలిపి శత్రువులన్నారు. కార్మికుల మధ్యే మెట్లున్నాయని ఆయన చెప్పింది అనుభవంతో. సింగరేణిలో ఆ మెట్టు ఇలా పనిచేస్తుంది. పర్మినెంట్ పోస్టుకు ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంటుంది. కాంట్రాక్టర్ మస్టర్‌కు రిజర్వేషన్ రోస్టర్ లేదు. అంటే ఒక పర్మినెంట్ పోస్టు కాంట్రాక్ట్‌గా మారిన ప్రతిసారీ ఒక కొలువుతో పాటు రాజ్యాంగం ఇచ్చిన వాటా కూడా పోతుంది. చీపురు, మురుగు పనుల్లోకి మాత్రం మనవాళ్లను ఏ రోస్టరూ లేకుండానే పిలుస్తారు.

వారసత్వ ఉద్యోగాల సంగతి కూడా ఇలాగే చూడాలి. ప్రభుత్వం తెచ్చిన ఆ పథకాన్ని సమానత్వ సూత్రానికి విరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాలుగా మెడికల్ అన్‌ఫిట్ అయినవారి బిడ్డలకు కొలువు వస్తోంది. నడుం విరిగిన ఫిల్లర్ ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కాంట్రాక్ట్ కార్మికుడి నడుం విరిగితే అన్‌ఫిట్ అని రాసే పుస్తకమే లేదు. వాళ్ల బిడ్డకు వారసత్వంగా మిగిలేది మళ్లీ కాంట్రాక్టరే.

భూమి పోయిన కోయ కుటుంబం ఇంకా వెనక మెట్టు. 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనులకు అడ్డుకట్ట వేసింది, ప్రభుత్వ సంస్థలకు దారి ఉంచింది. లాభాల్లో కనీసం 20 శాతం ఆదివాసుల కోసం పెట్టాలన్న మాట కూడా ఆ తీర్పులోనే ఉంది. ప్రభుత్వ సంస్థ అన్న పేరుతో అడవిలోకి వచ్చిన కంపెనీ, పని దగ్గరికి వచ్చేసరికి ప్రైవేటు కాంట్రాక్టర్‌ను ముందు పెడితే ఆ తీర్పు స్ఫూర్తి ఎక్కడ మిగిలినట్టు?

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సంస్థ మస్టర్ రోల్ మీదున్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. బాబాసాహెబ్ కోరిన చట్టబద్ధమైన గుర్తింపు ఎనభై ఏళ్లకు వచ్చింది. కానీ చూడండి, చట్టంలో కూడా అదే మాట: మస్టర్. రోల్ ఎంత చిన్నదైతే 51 శాతం అంత చిన్నది. యాజమాన్యానికి మాట్లాడాల్సిన మనుషులు అంత తక్కువ.

కాబట్టి సంఘాల ముందు మనం పెట్టాల్సినవి మూడు. కాంట్రాక్ట్ కార్మికులకు ఏరియా కమిటీల్లో సభ్యత్వమే కాదు, పదవి కూడా ఇవ్వండి. పర్మినెంట్, కాంట్రాక్ట్ కొలువుల్లో కులాల వారీ లెక్క బయటపెట్టమని చర్చల్లో మొదటి అంశంగా అడగండి. ఏ పర్మినెంట్ పోస్టు కాంట్రాక్ట్‌కు పోయినా అందులో పోయిన రిజర్వేషన్ పాయింట్ ఎవరిదో రాయించండి. విద్యార్థులకు ఒక పని: మీ కాలనీలో పొద్దున్నే ఊడ్చే అక్కనో, టిప్పర్ నడిపే అన్ననో అడగండి, మీ పేరు ఎవరి మస్టర్‌లో ఉందని. రాసుకోండి. మన చరిత్రకు అదీ ఆధారమే.

జై భీమ్.