గద్ద వాలు స్తంభము

చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములో నుండి, పిదప ఆంధ్రమున చేరినది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి యేర్పడిన తరువాతి దశాబ్దములలో, ఆ జిల్లాలోని ఐరాల ప్రాంతపు రైతులు కపిల తోలిన బావులపై పంపుసెట్లు వెలసినవి. వానితోపాటు చెరకు మళ్లవెంట సిమెంటు స్తంభములును బారులు దీరినవి. ఆ స్తంభముల కొలతలలో ఖర్చును మనుష్యుని క్షేమమును గణించిరే గాని, పొలము నడుమ ఎత్తైన పీట దొరకినదని వచ్చి వాలు గద్దను ఎవరును తలపలేదు.

పదకొండువేల వోల్టుల స్తంభమును కొంచెము నిదానించి చూడుడు. స్తంభమునకు అడ్డముగా నున్న ఇనుప క్రాస్ ఆర్మ్ భూమితో కలిసియున్నది. దానిపై జానెడు పింగాణీ, పింగాణీపై తీగ. ఇనుముపై నిలిచిన పక్షి రెక్క విప్పి తీగను తాకిన చాలును, ప్రాణము పోవును. తడిసిన ఈకలు విద్యుత్తును మరింత సులభముగా ప్రసరింపజేయును గనుక ఐప్పసి నెల (అక్టోబరు–నవంబరు) వానలలో అపాయ మధికము. తిరుమలేశుని వాహనమని గరుడపక్షికి చేతులు మోడ్చు సీమలో ఈ ఉపేక్ష విడ్డూరమే.

అమెరికాలో 1970 ప్రాంతమున గరుడజాతి పక్షులు విశేషముగా చచ్చిపడగా, ఐడహో రాష్ట్రమున మోర్లీ నెల్సన్ అను డేగల శిక్షకుడు, విద్యుత్తు లేని నమూనా స్తంభములపై తాను మచ్చిక చేసిన పక్షులను వాల్చి, అవి రెక్కలు విప్పు తీరును చలనచిత్రముగా పట్టించెను. 1975లో వెలువడిన మార్గదర్శకములు తీగకు తీగకు నడుమ అయిదడుగుల ఎడమును సూచించినవి. అయితే అచ్చటి స్తంభమును అడ్డకొయ్యయు కలపవి. అందుచేత అక్కడ సామాన్యముగా రెండు తీగలు తాకినగాని ప్రమాదము లేదు. మన ఇనుప క్రాస్ ఆర్మ్ మీద ఒక్క తీగయే చాలును గావున, ఆ అయిదడుగుల సూత్రమును తెచ్చి అతికించినంత మాత్రమున మన పని తీరదు. పింగాణీని క్రాస్ ఆర్మ్ క్రిందికి వ్రేలాడదీయుట, పింగాణీకి ఇరువైపుల తీగకు తొడుగు వేయుట మనకు తగిన ఉపాయములు. జర్మనీ 2002లో చట్టము చేసి, ప్రమాదకరములైన పాత స్తంభములను పదేండ్లలో సవరింప నిర్దేశించెను. మన దేశమున 2021లో సుప్రీంకోర్టు విచారించినది బట్టమేక పిట్ట తీగను గ్రుద్దుకొను వేరొక ఆపదను.

మొదట సవరింపదగినవి ట్రాన్స్‌ఫార్మర్, ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ ఉన్న స్తంభములు. తీగలు దగ్గరగా చేరునది అచ్చటనే. చదువరులారా, స్తంభము క్రింద చచ్చిన గద్దను చూచినచో, దానిని తాకక, స్తంభపు సంఖ్యను లైన్‌మన్‌కు తెలుపుడు.