సొంత కుంటకు ఊరి కట్టుబాట్లు

కామారెడ్డి చుట్టుపక్కల తోట ఇల్లు కట్టుకునేవారు పక్కనే ఈతకొలనో, చిన్న కుంటో తవ్వించుకోవాలనుకోవడం ఇప్పుడు వింత కాదు. నా పట్టా భూమిలో నేను గొయ్యి తవ్వుకుంటే ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఇది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఈ ప్రాంతం దీనికి ఎప్పుడో జవాబు చెప్పుకుంది. గొయ్యి సొంతదారుదే. అందులోకి నీళ్లు వచ్చే దారి మీద, నిండాక పొర్లిపోయే దారి మీద మాత్రం ఎగువ దిగువ ఊళ్లన్నింటికీ మాట ఉంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు చెరువుల చరిత్రంతా ఈ జవాబు చుట్టూనే నడిచింది. ఈనాటి నిబంధనలు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలని నా వాదన.

ఈ నేల స్వభావం అలాంటిది. మంజీర జిల్లా అంచున పారుతుంది. మిగతాదంతా గట్టి రాతి నేల, వానాకాలం పోతే ఎండిపోయే వాగులు. అందుకే పల్లం దొరికిన చోటల్లా కట్ట వేసి కుంట చేసుకున్నారు. పై కుంట మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి పోయేలా గొలుసుకట్టుగా అమర్చుకున్నారు. కట్ట వేసినవాళ్లు పాలకులు మాత్రమే కాదు. కాకతీయుల కాలపు శాసనాల్లో కనిపించే దశబంధం పద్ధతిలో, సొంత ఖర్చుతో చెరువు తవ్వించినవారికి దాని కింది సాగులో పదోవంతు మాన్యంగా దక్కేది. ఆ ఏర్పాటులో ఉన్న ఆలోచన గమనించండి. నీళ్లు నిలిపినందుకు ప్రతిఫలం ఇచ్చారే తప్ప నీళ్లన్నీ అతనికి రాసివ్వలేదు. పదింట తొమ్మిది వంతుల ఫలం ఆయకట్టుదే. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత సేపు పారాలో చూసే పని నీరటిది. అతని కూలి ఆయకట్టు రైతులు కల్లం దగ్గర కొలిచే ధాన్యం. మత్తడి మీద ఒక రాతి వరస పేర్చితే పైన ఒకరి పొలం మునుగుతుంది, కింద ఇంకొకరి చెరువు ఎండుతుంది. అందుకే దాని ఎత్తు మార్చడం ఏ ఒక్కరి ఇష్టం మీదా జరిగే పని కాదు.

లింగంపేటలో నాగన్న పేరు మీద నిలిచిన మెట్లబావి ఇంకో రకమైన సాక్ష్యం. బావి ఒక మనిషి పేరు మోస్తుంది, మెట్లు మాత్రం నీళ్ల దాకా దిగివచ్చే నలుగురి కోసం కట్టినవి. తర్వాత నిజాం ప్రభుత్వం నీళ్ల హక్కులను చట్టంలోకి ఎక్కించింది. 1317 ఫస్లీ, అంటే 1907-08 నాటి భూమి రెవెన్యూ చట్టం, ఎవరి హక్కూ రుజువు కాని చెరువులు, కుంటలు, పారే నీళ్లు సర్కారువని చెప్పింది. 1357 ఫస్లీలో నీటిపారుదలకు విడిగా చట్టం వచ్చింది. ఆ రెంటికీ నడుమ 1922లో పోచారం, 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాయి. పెద్ద ఆనకట్టల కాలంలో కొలత, పన్ను, మరమ్మతు అన్నీ ఇంజనీరు చేతికి, తాలూకా కచేరీ చేతికి పోయాయి. సొంతంగా కుంట తవ్వించేవాడికీ ఊరికీ మధ్య ఉన్న పాత ఒప్పందం నెమ్మదిగా పలచబడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఆ పాత ఊరు ఎవరిది? దొరల పొలాలు తడిశాకే మిగతావాళ్ల వంతు వచ్చిన ఊళ్లు తెలంగాణలో తక్కువేం కాదు. నీరటి పని చాలాచోట్ల దళిత కుటుంబాలదే. ఊరి మడులన్నింటికీ నీళ్లు పంచిన మనిషిని ఊరి బావిలో చేద వేయనివ్వలేదు. ఈ అన్యాయాన్ని దాచి పాత కట్టుబాట్లను పొగిడితే అది చరిత్ర కాదు, అబద్ధం. కానీ ఆ అన్యాయం పుట్టింది కులం నుంచి, భూమి కొందరి చేతుల్లోనే ఉండటం నుంచి. మత్తడి ఎత్తు ఒక్కడి ఇష్టం కాకూడదన్న నియమం నుంచి కాదు. ఆ నియమం దిగువన ఉన్న బక్క రైతుకే ఎక్కువ అవసరం. పెద్ద భూస్వామి ఇంకో బావి తవ్వించుకోగలడు, బక్క రైతు తవ్వించుకోలేడు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. రద్దు కావాల్సిందే. అయితే చెరువును రోజూ కళ్లతో చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకలేదు. ఆపైన బోరుబావి వచ్చింది, కుంట అక్కర్లేదనిపించింది, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల మీద కన్ను పడింది. 2002 నాటి వాల్టా చట్టం బోర్లను నమోదు చేయించమంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు తాగడానికి తప్ప కొత్త బోరు వద్దంది. 2012 భవన నియమాలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదిలి కట్టుకోమన్నాయి. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ పూడికతీత మొదలైంది ఇప్పటి ఈ జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువులోనే.

నా బోరు, నా కొలను, నా కరెంటు బిల్లు, వీటితో ఇతరులకేం పని అనేవారికి లెక్క చెప్పాలి. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న కొలనుకు 60,000 లీటర్లు పడతాయి. మనిషికి రోజుకు 100 లీటర్లన్న మిషన్ భగీరథ పల్లె లెక్కన అది 600 మందికి ఒక రోజు నీళ్లు. రాతి నేలలో పగుళ్ల మధ్య ఉండే నీటికి సర్వే నంబర్ల హద్దులు ఉండవు. ఒకరి మోటారు ఎక్కువసేపు నడిస్తే పక్క చేను బోరు ఎండుతుంది. ఒక్క కొలనుతో కొంప మునగదన్నది నిజమే. పైనున్న కుంటలు ఒక్కొక్కటిగా పూడిపోయినప్పుడూ ప్రతి ఒక్కరూ ఆ మాటే అనుకున్నారు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి మీద కుండపోత కురిసినప్పుడు వరద కాలనీల్లోకి వచ్చింది. నీళ్లు పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో ఈ పట్టణానికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి పురపాలక సంఘాలకూ గ్రామ పంచాయతీలకూ ఒక విన్నపం. ఇంటి కొలనుకు, సొంత కుంటకు అనుమతి ఇచ్చే ముందు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, నిండితే ఎటు వదులుతారు, ఆ స్థలం శిఖంలో గానీ కాలువ దారిలో గానీ ఉందా అని అడిగి, జవాబును పంచాయతీ గోడ మీద అందరికీ కనపడేలా అంటించండి. పక్క చేను రైతుకు అభ్యంతరం చెప్పేందుకు గడువు ఇవ్వండి.