యాప్ పట్టుకెళ్ళింది ఎవర్ని, వదిలేసింది ఎవర్ని? వైజాగ్ కిరాణా కొట్టు కథ

ఈరోజు ఒక వస్తువు తెచ్చాను. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతా చూడండి. సన్నగా, పొడుగ్గా, అట్ట చిరిగిపోయి, పురికొసతో కట్టిన పుస్తకం. గాజువాకలో మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్ ఖాతా పుస్తకం ఇది. 2014 నాటిది. పాత పేపర్లవాడికి వేసేస్తుంటే అడిగి తెచ్చుకున్నా. పేర్లు మాత్రం బ్లర్ చేశాం, ఎవరి అప్పు వాళ్ళది కదా.

ఆన్‌లైన్ సరుకులు వచ్చాక కిరాణా కొట్లు బతుకుతాయా చస్తాయా అని ఒక వంద వీడియోలు ఉన్నాయి. నాకు ఆ ప్రశ్న కంటే ఇంకోటి ముఖ్యం అనిపిస్తోంది. యాప్ ఆ కొట్టు నుంచి ఏ కస్టమర్‌ని పట్టుకెళ్ళింది? ఎవర్ని అక్కడే వదిలేసింది? దానికి జవాబు ఈ పుస్తకంలో ఉంది. కానీ ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

వైజాగ్‌లో పాత వ్యాపారమంతా వన్ టౌన్‌ది. కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్. కురుపాం మార్కెట్‌లో కన్యకా పరమేశ్వరి అమ్మవారికి దసరాల్లో కరెన్సీ నోట్లతో అలంకారం చేస్తారు, ఆ ఫోటోలు ప్రతి ఏడూ మీ వాట్సాప్‌కి వస్తాయి. ఆ వీధుల్లో వ్యాపారం ఎంత పాతదో ఆ గుడే చెప్తుంది. ఇప్పటికీ చిన్న కొట్లవాళ్ళు చాలామంది పప్పులు, బెల్లం, మిరపకాయలు హోల్‌సేల్‌గా తెచ్చుకునేది పూర్ణా మార్కెట్ వైపు నుంచే.

తర్వాత ఊరికి నెల జీతం వచ్చింది. ఈ మాట కొంచెం ఆగి ఆలోచించండి. 1933లో పోర్టు మొదలైంది. 1941లో సింధియా కంపెనీ ఓడలు కట్టే యార్డుకి పునాది వేసింది, ఆ ఏరియాని మనం ఇప్పటికీ సింధియా అనే అంటాం. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం, 1971లో స్టీల్ ప్లాంట్‌కి శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. అంటే వేలకి వేల ఇళ్ళలో, పంట డబ్బులా ఏడాదికోసారి కాకుండా, కూలి డబ్బులా రోజూ కాకుండా, నెలకోసారి డబ్బు వస్తుంది. తినడం మాత్రం రోజూ తినాలి. ఈ రెండిటి మధ్య గ్యాప్‌ని ఎవరు నింపాలి? కొట్టు నింపింది. ఒకటో తారీకు జీతం, సాయంత్రానికి పాత బాకీ జమ, కొత్త చీటీ మొదలు. కొట్లో 'అప్పు రేపు' అని బోర్డు ఉండేది. ఆ బోర్డు కిందే కూర్చుని అప్పు రాసేవాళ్ళు.

సో, కిరాణా కొట్టు అంటే సరుకులమ్మే చోటు మాత్రమే కాదు. వడ్డీ లేని చిన్న బ్యాంకు. గ్యారంటీ ఏంటంటే మీ ఇల్లు ఆయనకి తెలుసు, మీ నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో తెలుసు, అంతే.

ఇది ఎంత గట్టి వ్యవస్థో నేను కళ్ళారా చూశా. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు లేవు. జేబులో ఉన్నదే డబ్బు. ఆ వారంలో రేట్లు పెంచి అమ్మినవాళ్ళూ ఉన్నారు, పాల ప్యాకెట్ దగ్గర జనం కొట్టుకున్నారు, అది దాచను. కానీ మా బాబాయ్ కొవ్వొత్తి పెట్టుకుని ఈ పుస్తకంలోనే రాశాడు. ఇదిగో చూడండి, అక్టోబర్ పేజీలు. ఈ మరక కొవ్వొత్తిదే. అప్పటిదాకా ఎప్పుడూ ఖాతా లేని ఇళ్ళు కూడా ఈ పేజీల్లో ఉన్నాయి. మా ఇల్లు కూడా. బియ్యం 5 కిలోలు, అగ్గిపెట్టెలు 4, కొవ్వొత్తులు డజను.

సరే. ఇప్పుడు అవతలి వైపు కథ. పెద్ద షాపులు కిరాణాని మింగేస్తాయన్న భయం యాప్‌లతో మొదలవ్వలేదు. ఎనభైల్లోనే హైదరాబాద్‌లో త్రినేత్ర అని సూపర్ మార్కెట్లు మొదలయ్యాయి, మన తెలుగువాళ్ళ చైన్. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి షాపులు తెరిచింది కూడా హైదరాబాద్‌లోనే. అప్పట్లో దేశంలో చాలాచోట్ల వ్యాపారులు ధర్నాలు చేశారు, ఉత్తరప్రదేశ్‌లో అయితే 2007లో ప్రభుత్వమే ఆ షాపులు మూయించింది.

మరి ఆ పెద్ద షాపులు ఏమయ్యాయి? చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష 2008 నాటికి దేశమంతా 1,600 షాపులకి వెళ్ళింది. 2009లో కుప్పకూలింది. జీతాలు, అద్దెలు, సరుకు ఇచ్చినవాళ్ళ బాకీలు కట్టలేకపోయింది. చిన్న కొట్టు అయినా పెద్ద కంపెనీ అయినా చచ్చేది ఒకే జబ్బుతో: చేతిలో తిరిగే డబ్బు ఆగిపోవడం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

త్రినేత్ర కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1999లో బెంగళూరులో కొంతమంది ఫ్యాబ్‌మార్ట్ అని ఆన్‌లైన్ షాపు పెట్టారు. మన దేశంలో ఇంటర్నెట్ అంటే కేబుల్ కనెక్షన్ కూడా కాదు, డయల్ అప్ మోత. జనం నెట్‌లో కొనట్లేదని వాళ్ళు ఫ్యాబ్‌మాల్ పేరుతో మామూలు షాపులు పెట్టారు. అవీ త్రినేత్రా కలిసి ఆదిత్య బిర్లా గ్రూప్ చేతికి వెళ్ళాయి, 2007 నుంచి వాటికి 'మోర్' బోర్డు పడింది. ఆ ఫ్యాబ్‌మార్ట్ వాళ్ళే 2011లో మళ్ళీ ఆన్‌లైన్‌కి వచ్చి పెట్టింది బిగ్‌బాస్కెట్. అది 2021లో టాటాల చేతికి వెళ్ళింది. మోర్ ఏమో 2018 ఒప్పందంతో సమారా క్యాపిటల్, అమెజాన్ చేతికి. అంటే మన త్రినేత్ర షాపులో ఒక వాటా తిరిగి తిరిగి అమెజాన్ దగ్గర తేలింది. షాపు ఆన్‌లైన్‌కి, ఆన్‌లైన్ షాపుకి, అటూ ఇటూ ఇరవై ఏళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు వైజాగ్ విషయం. మీకు గుర్తుండకపోవచ్చు, గ్రోఫర్స్ 2015లోనే మన ఊరు వచ్చింది. 2016 జనవరిలో వెళ్ళిపోయింది. తొమ్మిది ఊళ్ళలో సర్వీసు ఆపేసింది: భోపాల్, భువనేశ్వర్, కోయంబత్తూర్, కొచ్చి, లుధియానా, మైసూర్, నాసిక్, రాజ్‌కోట్, విశాఖపట్నం. ఆ లిస్టు చూసినప్పుడు నాకు కొంచెం పౌరుషం వచ్చింది, 'మా ఊరు ఏం తక్కువ' అని. తర్వాత ఇంజనీర్‌లా ఆలోచిస్తే అర్థమైంది.

అప్పట్లో వాళ్ళ పద్ధతి ఏంటంటే, మీరు యాప్‌లో ఆర్డర్ పెడితే వాళ్ళ కుర్రాడు పక్కనున్న షాపుకే వెళ్ళి కొని తెచ్చి ఇస్తాడు. అంటే యాప్ కొట్టుకి పని చేసేది. ఐడియా బాగుంది. కానీ కొట్లో ఏ సరుకు ఎంత ఉందో కంప్యూటర్‌లో లేదు, బాబాయ్ బుర్రలో ఉంది. యాప్‌లో కందిపప్పు కనపడుతుంది, కుర్రాడు వెళ్తే అయిపోయిందంటారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటాబేస్ ఒక మనిషి తలలో ఉంది, దానికి ఏపీఐ లేదు. పైగా కంపెనీ సరుకు మీద కొట్టుకి మిగిలేదే పది శాతం అటూ ఇటూ. అందులో యాప్‌కి కమీషన్, కుర్రాడికి జీతం, పెట్రోలు, ఎక్కడ సరిపోతుంది?

ఇంకోటి నా సొంత అనుమానం, మన భూగోళం. పది నిమిషాల్లో తేవాలంటే రెండు మూడు కిలోమీటర్ల గుండ్రంలో ఇళ్ళు ఉండాలి. హైదరాబాద్‌లో ఎక్కడ గుండ్రం గీసినా ఇళ్ళే. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ మధ్యలో నిలబడి గీయండి: ఒక వైపు బంగాళాఖాతం, ఒక వైపు కైలాసగిరి. చేపలు ఆర్డర్లు పెట్టవు కదా.

2016 తర్వాత అన్నీ ఒకేసారి మారాయి. ఆ ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబర్‌లో జియో, నవంబర్‌లో నోట్ల రద్దు. 2020లో లాక్‌డౌన్. మా బాబాయ్ కూడా లాక్‌డౌన్‌లో వాట్సాప్‌లో చీటీలు తీసుకుని మూటలు కట్టి పెట్టేవాడు. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలు కిరాణా కొట్టుకి మంచి రోజులు. కానీ అదే ఏడాది స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ మొదలైంది, 2021లో జెప్టో వచ్చింది, ఆ డిసెంబర్‌లో గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది, 2022లో జొమాటో దాన్ని కొనేసింది.

ఈసారి మన ఊరికి వచ్చినప్పుడు పద్ధతి వేరు. పక్క కొట్టుతో పని లేదు. సొంత గోడౌన్, దాన్నే డార్క్ స్టోర్ అంటారు. బోర్డు ఉండదు, కస్టమర్‌కి లోపలికి ఎంట్రీ లేదు, ఏ ర్యాక్‌లో ఏముందో మొత్తం కంప్యూటర్‌లో ఉంటుంది. మొదటిసారి యాప్ కొట్టు దగ్గరికి వచ్చింది. రెండోసారి కొట్టుని పక్కన పెట్టి వచ్చింది.

2024లో డిస్ట్రిబ్యూటర్ల సంఘం ఒకటి, ఆల్ ఇండియా కన్జ్యూమర్ ప్రొడక్ట్స్ డిస్ట్రిబ్యూటర్స్ ఫెడరేషన్, ఏడాదిలో 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని చెప్పింది. నష్టానికి అమ్మి మమ్మల్ని చంపుతున్నారని కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు కూడా చేసింది. అది ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు చెప్పిన లెక్క, కాబట్టి నేను కళ్ళు మూసుకుని నమ్మను. నాకు ఈ పుస్తకం మీదే నమ్మకం.

లెక్క చూద్దాం. ఉదాహరణకి ఒక కొట్టుకి వంద ఇళ్ళు. అరవై ఇళ్ళు ఎప్పటికప్పుడు డబ్బిచ్చేవి, నలభై ఖాతావి. డిస్ట్రిబ్యూటర్ కొట్టుకి నాలుగు రోజులో, వారమో టైం ఇస్తాడు. ఖాతా ఇళ్ళు నెలకి కడతాయి. మరి మధ్యలో డిస్ట్రిబ్యూటర్‌కి ఏ డబ్బు కట్టాడు? ఆ అరవై ఇళ్ళ నగదు. అంటే అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ జీతం ఉన్న ఇంటి డబ్బు గల్లా పెట్టెలో తిరిగి, వెనక లైన్‌లో ఉన్న కాంట్రాక్ట్ కార్మికుడి ఇంటికి అప్పుగా వెళ్ళేది. ఇద్దరికీ ఆ సంగతి తెలీదు. యాప్ వచ్చి ఎవర్ని పట్టుకెళ్ళింది? స్మార్ట్‌ఫోన్, కార్డు, యూపీఐలో బ్యాలెన్స్ ఉన్న ఆ అరవై మందిలో చాలామందిని. ఖాతావాళ్ళని ముట్టుకోలేదు. కొట్టు మూతపడకపోవచ్చు, రోజూ జనం కనపడతారు కూడా. కానీ మిగిలింది అప్పు ఇవ్వాల్సినవాళ్ళే, ఇవ్వడానికి డబ్బు లేదు.

యాప్‌లో కూడా 'పే లేటర్' ఉంది కదా అంటారు. ఉంది. సిబిల్ స్కోర్ చూస్తారు, తారీకు దాటితే ఫైన్ వేస్తారు. మన దగ్గర 2024లో ఏమైంది? స్టీల్ ప్లాంట్‌లో జీతాలు లేటుగా, ముక్కలు ముక్కలుగా వచ్చాయి. 2021 జనవరిలో ప్లాంట్‌ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించిన దగ్గర్నుంచి గాజువాకలో ఉన్న బెంగే అది. ఒకటో తారీకు జీతం పదిహేనుకి సగం పడితే, ఫైన్ లేకుండా ఆగేది ఎవరు?

ప్రభుత్వం కూడా ఇంటి దగ్గరికి సరుకు పంపి చూసింది. 2021లో 9,260 రేషన్ బండ్లు పెట్టారు. బండి వీధి మొదట్లో ఆగేది, మనమే సంచీ పట్టుకుని వెళ్ళేవాళ్ళం. 2025 జూన్ నుంచి బండ్లు ఆపేసి మళ్ళీ రేషన్ షాపుల దగ్గరికే రమ్మన్నారు. దాని మీద రాజకీయం వేరే కథ. నేను అనేది ఒక్కటే, ఇంటికి తెచ్చివ్వడం ఖరీదైన పని. ఆ ఖర్చు ఎవరో ఒకరు మోస్తారు. ఇప్పుడు కొంత పెట్టుబడిదారులు మోస్తున్నారు, కొంత బండి మీద వచ్చే మన ఊరి కుర్రాళ్ళ నడుము మోస్తోంది. తాటిచెట్లపాలెం కొండవాలు మెట్లు ఎక్కే కుర్రాడిని అడగండి, పది నిమిషాలంటే ఏంటో చెప్తాడు.

నేనేం శ్రీరామచంద్రుణ్ణి కాదు. రాత్రి పదకొండుకి ఎడిటింగ్ చేస్తూ పెరుగు, బ్రెడ్, చిప్స్ యాప్‌లోనే పెడతా. మొదట్లో చిన్న చిన్నవే. తర్వాత ఆఫర్ ఉందని నూనె, సర్ఫ్, టీ పొడి కూడా. అమ్మకి కూడా నేర్పించేశా. ఓ రోజు కొట్టు ముందు నుంచి వెళ్తుంటే బాబాయ్ పిలిచాడు. "ఏటి నాన్నా, మీ ఇంట్లో నూనె వాడటం మానేశారేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఫోన్ జేబులో బరువుగా అనిపించింది.

ఈ పుస్తకం అడగడానికి పోయిన నెల వెళ్ళినప్పుడు కాసేపు కూర్చున్నా. డిస్ట్రిబ్యూటర్ రేటు ఎంతో చూపించాడు. తర్వాత తన ఫోన్ తీసి చూపించాడు. అదే నూనె ప్యాకెట్ యాప్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే రేటు కంటే నాలుగు రూపాయలు తక్కువ. బాబాయ్ ఫోన్‌లో యాప్ ఉంది! తను కొనేది యాప్‌లో, తీసుకొచ్చి అమ్మేది కొట్లో, ఖాతా మీద. కాకపోతే ఒక ఫోన్‌కి మూడు ప్యాకెట్ల లిమిట్ పెట్టారట.

"నాన్నా, నీ ఫోన్‌లోంచి కూడా ఓ మూడు పెట్టవా, డబ్బులు ఒకటో తారీకున ఇస్తా" అన్నాడు.

పెట్టాను. ఆయన పుస్తకంలో కాదు, ఈసారి నా ఫోన్ నోట్స్‌లో రాసుకున్నా.