పాట కట్టేవాడి చేతిలో గిటారు

పాట నేర్చుకోవడం అన్న చిన్న మాటలో మూడు పనులు ఇమిడి ఉన్నాయి. మాటలు కూర్చడం ఒకటి, వాటికి వరస కట్టడం రెండు, ఆ వరసను గొంతెత్తి పాడడం మూడు. ఈ మూడూ ఒకే మనిషి చేస్తే అతణ్ని మన పెద్దలు వాగ్గేయకారుడు అన్నారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో ఈ మాటకు లక్షణం చెప్పి, వాగ్గేయకారులలో ఉత్తముడెవరో మధ్యముడెవరో తరగతులు కూడా ఏర్పరిచాడు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఈ కోవలోనివారే. ఈనాడు పీణ్యలాంటి కార్మికవాడలో షిఫ్టు దిగి గదికి వచ్చి, గిటారు ఒళ్లో పెట్టుకొని సొంత పాట కూర్చుకొనే కుర్రవాడికి ఆ పెద్దమాట తగుతుందా అని ఎవరైనా నవ్వవచ్చు. ప్రజ్ఞ మాట అటుంచితే, అతడు పూనుకొన్న పని మాత్రం అదే. ఆ పనికి మన నేల మీద ఎంత చరిత్ర ఉన్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మనకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. బెంగళూరుకు ఈశాన్యంగా దాదాపు 65 కిలోమీటర్ల దూరంలో, చింతామణి తాలూకాలో కైవారం ఉన్నది. 2007 దాకా కోలారు జిల్లాలో ఉండి, ఇప్పుడు చిక్కబళ్లాపుర జిల్లాలో చేరింది. అక్కడి నారేయణ యతీంద్రులు, మన ఇళ్లల్లో పిలిచే పేరు కైవారం తాతయ్య, 1726లో పుట్టి 1836లో సమాధి పొందారని సంప్రదాయం చెబుతుంది. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన మనిషి ఆయన. ఆస్థానం లేదు, పోషించిన ప్రభువు లేడు. తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు కట్టి ‘అమరనారేయణ’ ముద్రతో పాడుకొన్నారు. ఇవాళ ఆ తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చువేసుకొని పాడుకొనే భజన బృందాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు అక్షరం రాని ఇంట తెలుగు మాట రెండు వందల ఏళ్లు నిలిచిందంటే దాన్ని నిలిపింది పలక కాదు, పాట. గురుపూర్ణిమకు కైవారంలో జరిగే సంగీతోత్సవానికి వెళ్లినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక గొంతు సాధన సంగతి. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు. తరువాత జంట వరసలు, అలంకారాలు, గీతాలు. ఈ క్రమాన్ని ఏర్పరిచినవారు పురందరదాసులని సంప్రదాయం. విజయనగర కాలపు ఈ కన్నడ హరిదాసు వేసిన బాటలోనే రాజమండ్రిలోనైనా విజయనగరంలోనైనా తెలుగు పిల్లలు అడుగు పెడతారు. మలహరిలో వారు వల్లించే పిళ్లారి గీతాలు దాసులవారివే. అలాగే మైసూరులోను, మల్లేశ్వరంలోను కన్నడ పిల్లలు కృతుల మెట్టుకు వచ్చేసరికి త్యాగయ్య తెలుగును నోటికి తెచ్చుకొంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు వేసి జరిపించింది కాదు. మైనారిటీ, మెజారిటీ అన్న లెక్కలు పుట్టక ముందే పాట వాటిని దాటివేసింది.

గిటారు పరాయి వాద్యం కదా, దానితో తెలుగు పాట ఏమిటి అనేవారున్నారు. వారికి ఫిడేలు చరిత్ర ఒక్కసారి గుర్తు చేయాలి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసులో ఇంగ్లీషువారి వాద్యబృందంలోని ఫిడేలును నేర్చుకొని మన సంగీతానికి మలిచారు. ముత్తుస్వామి దీక్షితులు ఆ బృందాలు వాయించే వరసలకు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. శంకరాభరణ స్వరాలలో గమకం లేకుండా సాగే ఆ చిన్న రచనలనే నోట్టుస్వరాలు అంటాం. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి ఫిడేలు లేని కచేరీని ఊహించలేని స్థితి వచ్చింది.

ఫిడేలును పక్కవాద్యం పీట మీదినుంచి లేపి వేదిక నడుమ కూర్చోబెట్టినవారిలో ముఖ్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఆయన పుట్టింది 1893 నవంబరు 8న, ఈ బెంగళూరులోనే. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. కంటిచూపు మందగించి బడి చదువు ఆగిపోతే అన్నగారి దగ్గర ఫిడేలు పట్టుకొన్నారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన ఆయనను ఆచార్యుడిగానే తీసుకొన్నారన్న కథ సంగీతలోకంలో అందరికీ తెలిసిందే. 1936లో అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. పాశ్చాత్యుల ఫిడేలు వాదనాన్ని ఆయన శ్రద్ధగా విని, అందులోని నాద శుద్ధిని తన కమానులోకి తెచ్చుకొన్నారు. పరాయిదాన్ని తనది చేసుకోవడం ఎలాగో ఆయన చూపించారు.

హార్మోనియానికి ఇంతకన్నా కష్టకాలం వచ్చింది. మన పద్యనాటకానికి ప్రాణంలాంటి ఆ పెట్టెను 1940లో ఆకాశవాణి గడప తొక్కనివ్వలేదు. గమకం పలకదన్నది ఒక అభియోగం, విదేశీయమన్నది మరొకటి. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఈ ముప్పై ఏళ్లలో నాటకం వేదికల మీద హార్మోనియం మోగుతూనే ఉన్నది. జనం ఒప్పుకొన్న వాద్యాన్ని శాస్త్రం ఆలస్యంగానైనా ఒప్పుకోక తప్పలేదు.

మాండలిన్ కథ మన కళ్ల ముందు జరిగింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్లకే తండ్రి మాండలిన్ చేతికి తీసుకొన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగ మీద వెతుక్కొనేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. జంట తీగల మాండలిన్‌ను ఒంటి తీగలదిగా మార్చుకొన్నాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. గిటారు నేర్చుకొనేవారికి ఈ జీవితంలో ఒక పాఠం ఉన్నది. వేళ్లు నేర్చుకోవలసింది గొంతు దగ్గర. పాడలేని వరసను తీగ మీద పలికించాలని చూడడం వెనకనుంచి నడవడమే.

నిజానికి గిటారుకు, వీణకు చుట్టరికం ఉన్నది. తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు, కవి రఘునాథనాయకుని పేర వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. స్థాయికి 12 స్వరస్థానాలు, రెండు స్థాయిలకు 24. గిటారులోనూ స్థాయికి 12 మెట్లే. వీణ మెట్లు మైనంలో నిలుపుతారు, గిటారు మెట్లు కొయ్యలో బిగిస్తారు. వీణకు నాలుగు పలికే తంత్రులు, పక్కన మూడు తాళపు తంత్రులు. గిటారుకు ఆరూ పలికేవే. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం తీస్తాం, గిటారు మీదా లాగవచ్చు, కాని అంత దూరం రాదు. ఆ తేడా ఒప్పుకొని పనిచేస్తే చిక్కు లేదు. 1994లో విశ్వమోహన్ భట్‌గారికి గ్రామీ బహుమతి వచ్చింది ఈ గిటారును మన పద్ధతికి మార్చుకొన్నందువల్లనే కదా.

బెంగళూరులో మరొక ఇంటి సంగతి చెప్పుకోవాలి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ పేరుతో తెలుగు కవిత్వాన్ని కుదిపిన నెల్లూరు కవి పఠాభి, అంటే పట్టాభిరామరెడ్డిగారు, తరువాత బెంగళూరులో స్థిరపడ్డారు. 1970లో వచ్చిన ‘సంస్కార’ కన్నడ చిత్రానికి దర్శకులు ఆయనే. అందులో నటించిన ఆయన సతీమణి స్నేహలత ఎమర్జెన్సీలో ఈ నగరపు జైలులోనే మగ్గి, 1977 జనవరిలో విడుదలైన కొద్ది రోజులకే కన్నుమూశారు. వారి కుమారుడు కోణార్క్ రెడ్డి గిటారు వాద్యకారుడిగా పేరు తెచ్చుకొన్నారు. తండ్రి పుస్తకం పేరులో ఫిడేలు, కొడుకు చేతిలో గిటారు. తెలుగింట పరాయి తీగ మోగడం బెంగళూరుకు కొత్త కాదు.

మరి తెగిపోయిందెక్కడ? 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు తెర మీది నటులే పాడేవారు. నేపథ్య గానం స్థిరపడ్డాక రాసేవారొకరు, వరస కట్టేవారొకరు, పాడేవారొకరు, పెదవులు కదిపేవారొకరు అయ్యారు. దానివల్ల గొప్ప పాటలే వచ్చాయి, కాదనలేం. కాని ఇంట్లో పాడుకొనే మనిషికి మిగిలింది అనుకరణ. మహా గాయకుడు పాడిన శ్రుతిలోనే తానూ పాడబోయి గొంతు చించుకోవడం, ఎవరి విరహమో తన విరహమన్నట్లు పాడడం అలవాటైంది. సొంత బాధకు సొంత మాట వెతుక్కోవడం మరిచిపోయాం.

గిటారు ఇక్కడే పనికొస్తుంది. ఒక్క మనిషి, ఒక్క వాద్యం. మెట్ల మీద బిగించే కాపో అనే చిన్న పట్టీతో తన గొంతుకు తగిన శ్రుతికి తీగలను మార్చుకోవచ్చు. శంకరాభరణం ఎత్తుకొంటే మూడు స్వరగుచ్ఛాలు చాలు: స-గ-ప, మ-ద-స, ప-ని-రి. ఈ మూడింటిలో ఏడు స్వరాలూ వచ్చేశాయి, లెక్క చూసుకోండి. కాని మోహనంలో పాట కట్టి కింద మ-ద-స మోగిస్తే రాగంలో లేని మధ్యమం వచ్చి కూర్చుంటుంది. అక్కడ ద-స-గ వాడుకోవాలి. పుస్తకంలో ఉన్నది కదా అని గుచ్ఛాలను గుడ్డిగా వాడకుండా చెవితో ఎంచుకోవడం నేర్వాలి.

మాట కూర్చేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. గిటారు పాఠాలు ఎక్కువగా నాలుగు మాత్రల నడకతో మొదలవుతాయి. తెలుగుకు ఆ నడక ఉన్నది, దానితోపాటు అయిదూ ఏడూ కూడా ఉన్నాయి. గురజాడ 1910లో ముత్యాల సరాన్ని మూడు, నాలుగు మాత్రల జంటలతో నడిపించాడు. కుడిచేతి మీటును మూడు, నాలుగుగా విరిచి చూడండి, గిటారు వెంటనే తెలుగు మాట్లాడుతుంది. గురులఘువులు మరీ ముఖ్యం. ఇంగ్లీషు వరసలో ఇమడ్చబోయి ‘పడు’ అన్న మాటను సాగదీస్తే ‘పాడు’ అయి కూర్చుంటుంది. పడినవాడు పాడినవాడవుతాడు. వరస కోసం మాటను విరవడం కన్నా మాట కోసం వరసను వంచడం మేలు.

ఇలా ఉద్యోగం చేసుకొంటూ పాట కట్టినవారు మనకు ఉన్నారు. వంగపండు ప్రసాదరావు (1943-2020) విశాఖలో హిందూస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. ఉత్తరాంధ్ర పల్లెల వరసలను తీసుకొని, కాళ్లకు గజ్జెలు కట్టి, కూలీల మాటల్లో పాటలు కట్టాడు. స్పానరు పట్టిన చెయ్యి పాట రాయడానికి పనికిరాదని ఎవరనగలరు? మరొక వైపు బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920-2018) రాసి, వరస కట్టి, పాడి లలిత సంగీతాన్ని పెంచారు. ఆకాశవాణి ఉద్యోగంలో బెంగళూరు కేంద్రంలోనూ పనిచేశారు. ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం అందుకొన్నది. పాట కట్టాలనుకొనే ప్రతి తెలుగువాడూ ఒక్కసారైనా చదవవలసిన పుస్తకం అది.

తిరిగి పీణ్యకు వద్దాం. పక్కనే జాలహళ్లిలో 1953లో హెచ్.ఎం.టి., ఆ మరుసటి సంవత్సరం బి.ఇ.ఎల్. వచ్చాయి. 1970ల నాటి నుంచి పీణ్య పారిశ్రామికవాడగా పెరిగింది. 2014 మార్చిలో మెట్రో రైలూ వచ్చింది. లేతు యంత్రాల ముందు, కుట్టు మిషన్ల ముందు అనంతపురం, చిత్తూరు, కర్నూలు యాస వినిపిస్తుంది, పావగడ, కోలారు తెలుగూ వినిపిస్తుంది. వీరి పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వారికి అమ్మ నోటి మాటే గాని పుస్తకంలో అక్షరం కాదు. తెలుగు పాఠశాలలు కావాలని అడగవలసిందే, అడుగుతూనే ఉండాలి. అవి వచ్చేదాకా ఆ నోటి మాట ఏ గూటిలో తలదాచుకోవాలి?

కైవారం తాతయ్య బతుకులో దీనికి జవాబున్నది. ఆయన తన కాలపు జనం నోటి తెలుగులో, తన ఊరి మాటలో కట్టారు కాబట్టే లిపి మారినా పాట మారలేదు. ఇవాళ్టి కుర్రవాడు ఆరు తీగల మీద తన షిఫ్టు సంగతి, తన అద్దెగది సంగతి, ఊళ్లో ఉన్న అమ్మ సంగతి తన యాసలో కట్టి పాడితే, అది వినే చెల్లెలికి అదే తెలుగు వాచకం. వేళ్ల కొనలు మొదట్లో బొబ్బలెక్కుతాయి, కొన్ని వారాలకు కాయ కాస్తాయి. గొంతు రోజూ శ్రుతిలో నిలబడితే కుదురుకొంటుంది. తొలి పాటలు పేలవంగానే ఉంటాయి. ఉండనివ్వండి. అతడు పాడుతుంటే ఇంట్లో ఎవరూ ‘ఆ సినిమా పాట పాడరాదూ’ అనకుండా ఉంటే, ప్రస్తుతానికి మనం చేయగల సాయం అదే.